కందిన మేను, మాడిన మేను

తెలుగులో ఎండ చేసే పనికి రెండు క్రియలున్నాయి. ఇంటిపట్టున పెరిగిన పచ్చని పిల్ల కాసేపు ఎండలో తిరిగి వస్తే "అయ్యో, ఎలా కందిపోయిందో!" అంటాం. పొద్దస్తమానం చేలో వంగి కలుపు తీసిన మనిషి ఇంటికొస్తే "ఎండకు మాడిపోయాడు" అంటాం. ఎండ ఒక్కటే. కానీ కందడంలో జాలి ఉంది, మాడడంలో తీర్పు ఉంది. కందినది రేపటికి తేరుకుంటుందట. మాడినదానికి ఇక చేసేదేమీ లేదట! సుకుమారంగా పెరిగినవారిని "ఎండకన్నెరుగనివారు" అనడం మన పలుకుబడి. సంస్కృతంలో అంతఃపుర కాంతలకు "అసూర్యంపశ్యలు" అని ఏకంగా ఒక సమాసమే ఉంది. అంటే ఎండ తగలకపోవడం ఒక హోదా అని మన భాషలు ఏనాడో ఒప్పేసుకున్నాయన్నమాట.

ఈ రెండు క్రియల వెనుక ఒక నమ్మకం దాగి ఉంది: తెల్లనివారిది సుకుమారమైన చర్మం, నల్లనివారిది మొండి చర్మం, వారికి ఎండేం చేస్తుంది? మేస్త్రీలు అనగా విన్నాను, భూస్వాములు అనగా విన్నాను, చదువుకున్న మిత్రులు కూడా తడుముకోకుండా అనగా విన్నాను. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే మిగతా అబద్ధాన్ని మోస్తోంది. ఎండను తట్టుకునే శక్తి పుట్టుకతో కొంత వస్తుంది, కంచంలోంచి కొంత వస్తుంది. పుట్టుకను చూసి కంచాన్ని మరిచిపోవడం మనకు అలవాటైపోయిందన్నదే నా ఫిర్యాదు.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు తెల్లనివారిలోనూ నల్లనివారిలోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. తేడా అంతా ఆ కణాలు తయారుచేసే మెలనిన్ రకంలో, రేణువుల పరిమాణంలో, అవి చర్మంలో పరుచుకునే తీరులో ఉంది. మెలనిన్‌లో ముఖ్యమైనవి రెండు రకాలు. గోధుమ, నలుపు రంగుల్లో ఉండేది అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని, కణకేంద్రకం పైన చిన్న గొడుగులా నిలిచి, లోపలి డీఎన్ఏను కాపాడుతుంది. పసుపు, ఎరుపు రంగుల్లో ఉండేది ఆ పని సరిగా చేయదు. పైగా ఎండ తగిలితే తానే కొంత హాని చేస్తుంది. ఐర్లండు, స్కాట్లండు వైపు ఎర్రజుట్టు గలవారు పది నిమిషాల ఎండకే కందిపోవడానికి కారణం ఇదే. దీని వెనుక ఎంసీ1ఆర్ అనే జన్యువులోని మార్పులున్నాయని 1995లో తేలింది.

మరి ఈ గొడుగు ఎంత గట్టిది? 1979లో అమెరికాలో చర్మపు పైపొరలను తీసుకొని కొలిచారు. అతినీలలోహిత-బి కిరణాలలో తెల్లని పైపొర గుండా సుమారు 24 శాతం, నల్లని పైపొర గుండా సుమారు 7 శాతం లోపలికి దిగాయి. గొడుగు గట్టిదే, సందేహం లేదు. కానీ 7 శాతమంటే సున్న కాదు గదా! స్థూలంగా ఒక లెక్క వేసి చూడండి. తెల్లని మనిషి ఒక గంట ఎండలో తిరిగితే చర్మం లోపలికి దిగేది 24 పాళ్ళు అనుకుందాం. నల్లని మనిషి అదే ఎండలో ఎనిమిది గంటలు పనిచేస్తే దిగేది 56 పాళ్ళు. అంటే కందిపోయిందని మనం జాలిపడ్డ మనిషికంటే రెండింతలు. గొడుగు ఇచ్చి, దాని కింద ఎనిమిది గంటలు నిలబెట్టి, "నీకేం, గొడుగుంది గదా" అన్నట్టుంది మన వరస.

పైకి కనబడే రంగును చూసి ఎవరు ఎంత ఎండ తట్టుకుంటారో చెప్పడం వైద్యులకే చేతకాలేదు. అదొక ఆసక్తికరమైన కథ. సోరియాసిస్ రోగులకు సొరాలెన్ అనే మందు ఇచ్చి, ఆ తరువాత అతినీలలోహిత కాంతి పట్టించే చికిత్స 1974లో హార్వర్డులో మొదలైంది. మొదట్లో జుట్టు రంగు, కళ్ళ రంగు చూసి కాంతి మోతాదు నిర్ణయించేవారు. నల్లజుట్టు ఉన్న కొందరు తెల్లవాళ్ళు కూడా ఆ మోతాదుకు బొబ్బలెక్కిపోయారు. అప్పుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు 1975లో పద్ధతి మార్చాడు. కళ్ళూ జుట్టూ చూడడం మాని, రోగినే అడిగాడు: "ఎండలోకి వెళితే నీకు ఏమవుతుంది? కందుతావా, నల్లబడతావా?" ఈనాటికీ వైద్యలోకం వాడే చర్మ వర్గీకరణ అలా పుట్టింది. అయితే తొలి పట్టికలో ఉన్నవి తెల్లచర్మపు తరగతులే. గోధుమరంగువారికి, నల్లవారికి అయిదు, ఆరు తరగతులు తరువాత చేర్చారు. మనకు ఎండేం చేస్తుందన్న భావం పాఠ్యపుస్తకాల్లో కూడా అలా కొంతకాలం కాపురం చేసింది.

పుట్టుకా తిండీ రెండూ ఒకే ఒంటి మీద పక్కపక్కన కనబడే దృశ్యం చూడాలంటే పశువుల దగ్గరికి వెళ్ళాలి. మన అడవి అంచుల్లో, బీళ్ళలో, కంచెల వెంట రంగురంగుల గుత్తులు పూసే లాంటానా పొద అందరికీ తెలిసిందే. పశువులు మామూలుగా దాని జోలికి పోవు. కరువు రోజుల్లో మరే పచ్చికా దొరకనప్పుడు తింటాయి. అందులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆకుల్లోని పత్రహరితం పశువు కడుపులో విడిపోయినప్పుడు ఒక పదార్థం పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పశువులో అది పైత్యరసంతోపాటు బయటికి పోతుంది. కాలేయం చెడితే పోవడానికి దారిలేక రక్తంలోకి, అక్కడినుంచి చర్మంలోకి చేరుతుంది. దానికి ఎండ తగిలిందా, చర్మం ఉడికిపోతుంది. నలుపు తెలుపుల మచ్చల ఆవుకు ఈ జబ్బు వస్తే చూడాలి: తెల్లమచ్చలున్నచోట తోలు ఊడి పుండ్లు పడతాయి, పక్కనే ఉన్న నల్లమచ్చలు చెక్కుచెదరవు. దక్షిణాఫ్రికాలో మన పల్లేరు మొక్క మేసిన గొర్రెలకు కూడా ఇలాగే మూతీ చెవులూ వాచిపోతాయి.

ఆ ఆవు ఒంటి మీద ఉన్న పాఠాన్ని జాగ్రత్తగా చదవండి. ఆ పుండుకు మూడు కారణాలు కలవాలి: తెల్లని తోలు, చెడ్డ మేత, ఎండ. నీడన కట్టేస్తే కొత్త పుండ్లు పడవు. మంచి మేత వేసి ఉంటే అసలు జబ్బే లేదు. తోలు నల్లనిదైతే చాలావరకు తప్పించుకుంటుంది. మరి ఈ మూడింటిలో మన చేతిలో లేనిది తోలు రంగు ఒక్కటే. మేతా నీడా రెండూ మన చేతిలోనివే. అయినా మనుషుల విషయానికి వచ్చేసరికి మాట్లాడేదంతా తోలు రంగు గురించే!

మనుషుల్లో నల్లని తోలు కూడా కాపాడలేని జబ్బు ఒకటుంది. దాని పేరు పెల్లగ్రా. ఇటలీ భాషలో గరుకు చర్మం అని అర్థం. స్పెయిన్‌లోని అస్తూరియస్ ప్రాంతంలో మొక్కజొన్న తప్ప మరొకటి ఎరుగని నిరుపేదల్లో ఈ జబ్బును గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో గుర్తించాడు. ఎండ తగిలే ముంజేతులు, పాదాలు, మెడ చుట్టూ చర్మం మొదట ఎర్రబడి, తరువాత నల్లగా మందంగా మారి, పగిలి పొరలు లేస్తుంది. మెడ చుట్టూ వచ్చే ఆ పట్టీని ఇప్పటికీ కసాల్ హారం అనే పిలుస్తారు. విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది, చికిత్స లేకపోతే ప్రాణం పోతుంది.

ఇది అంటురోగమని చాలాకాలం వాదించారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుంచి దీని వెంటపడ్డాడు. 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలంలో క్షమాభిక్షకు ఒప్పుకున్న పదకొండుమంది ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన నాసిరకం తిండి పెట్టి చూస్తే ఆరుగురికి ఈ జబ్బు వచ్చింది. లోపించినది నయాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసుకోవడానికి కణానికి కావలసిన సరంజామా నయాసిన్ నుంచే తయారవుతుంది. ఎండ అందరి చర్మాన్నీ రోజూ కొద్దికొద్దిగా చింపుతూనే ఉంటుంది. తిండి సరిగా ఉన్నవాడి చర్మం దాన్ని రాత్రికి రాత్రి కుట్టుకుంటుంది. తిండి లేనివాడి దగ్గర సూదీ దారమూ ఉండవు. మరి మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మెక్సికోలో ఈ జబ్బు ఎందుకు పెద్దగా లేదు? అక్కడివారు గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి వాడతారు. దానితో గింజలో బిగిసి ఉన్న నయాసిన్ విడుదలవుతుంది. ఐరోపా వాళ్ళు గింజను పట్టుకుపోయారు గాని వంటను వదిలేశారు.

ఈ కథకు మన గడ్డ మీద కూడా ఒక అధ్యాయం ఉంది. దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాక జొన్న తినే పేదల్లో పెల్లగ్రా కనబడింది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన హైదరాబాదు పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య దీన్ని పరిశోధించి, జొన్నలో ల్యూసిన్ అనే ఆమ్లం మితిమీరి ఉండడం వల్ల శరీరం నయాసిన్‌ను సరిగా వాడుకోలేకపోతోందని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. తరువాతి ప్రయోగాలు అటూ ఇటూ వచ్చాయి. కానీ ఎవరూ కాదనలేని సంగతి ఒకటుంది. ఆ రోగులు నల్లనివారే, చామనఛాయవారే. వారి గొడుగు గట్టిదే. అయినా ముంజేతుల మీద, మెడ మీద చర్మం కాలి పగిలింది.

జొన్న గట్కా జొన్నరొట్టే తిని పెరిగిన ఇంటివాణ్ణి గనుక జొన్న తరఫున ఒక మాట చెప్పకపోతే నాకు తోచదు. జబ్బు జొన్నది కాదు, జొన్న ఒక్కటే ఉన్న కంచానిది. పక్కన ఇంత పప్పూ, మజ్జిగా, ఆకుకూరా ఉన్న ఇంట్లో తరతరాలుగా జొన్నరొట్టె తిని ఏ పెల్లగ్రా లేకుండా బతికారు. కారం, ఉప్పు, జొన్న తప్ప మరొకటి లేని ఇంట్లోనే అది అడుగుపెట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదల కంచంలో జొన్న తగ్గింది. తరువాతి దశాబ్దాల్లో ఈ జబ్బు కూడా అరుదైపోయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక అదే జొన్న నగరాల్లో ఆరోగ్యాహారంగా కొత్త ధరతో తిరిగొచ్చింది. ఉన్నవాళ్ళు తింటే ఆరోగ్యం, లేనివాళ్ళు తింటే రోగమా అని నవ్వొస్తుంది గాని, తేడా పక్కనున్న కూరలో ఉంది.

పెల్లగ్రా అరుదైంది, అంతరించలేదు. తాగుడుకు బానిసై తిండి మానేసినవారిలో, క్షయకు వాడే ఐసోనియాజిడ్ మందు తీసుకుంటూ సరైన తిండి లేనివారిలో అది ఇప్పటికీ కనబడుతుంది. అలాంటి మనిషి చేతులు నల్లగా పగిలి ఉంటే మనమేమంటాం? "ఎండన పడి మాడిపోయాడు" అంటాం. అక్కడితో ఆగిపోతాం. విటమిన్ అందితే కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పట్టే జబ్బు ఒక క్రియాపదం చాటున దాక్కుంటుంది. నాకు భాష మీద ఉన్న కోపం ఇదీ.

పిల్లల జుట్టు విషయంలోనూ ఇదే జరుగుతుంది. మెలనిన్ తయారయ్యేది టైరోసిన్ అనే ఆమ్లం నుంచి. అది మాంసకృత్తుల్లో ఉంటుంది. మాంసకృత్తులు తీవ్రంగా లోపించిన పిల్లల్లో నల్లజుట్టు రాగిరంగుకు తిరుగుతుంది, చర్మం పెచ్చులూడుతుంది. ఎండా, నూనె లేమీ కూడా జుట్టును ఎర్రబరుస్తాయి, నిజమే. అందుకే పొరపాటు పడడం తేలిక. "ఎండన తిరిగి జుట్టు ఎర్రబడింది" అని తల నిమిరి పంపేసే ముందు, ఆ పిల్లవాడి కాళ్ళు వాచాయా, పొద్దున ఏం తిన్నాడు అని ఒక్కమాట అడగాలి.

అయితే తిండికి లేని మహిమలు అంటగట్టడం కూడా నాకు ఇష్టం లేదు. తిండి చేయగలిగినది ఎంతో, చేయలేనిది ఏమిటో చెప్పుకోవాలి. జర్మనీలో 2001లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో రోజూ 40 గ్రాముల టొమాటో ముద్దను ఆలివ్ నూనెతో పది వారాలు తిన్నవారి చర్మం, తిననివారితో పోలిస్తే 40 శాతం తక్కువ కందింది. నాలుగు వారాలకు మాత్రం ఏ తేడా కనబడలేదు. పాల్గొన్నవారు ఇరవైమంది లోపే. అంటే కూరగాయల రంగులు చర్మానికి కొంత అండ, అదీ నెలల తరబడి తింటే. గొడుగుకు బదులు కాదు. ఆస్ట్రేలియాలో 2015లో వెలువడిన పరిశోధనలో, అంతకుముందే చర్మ క్యాన్సర్లు వచ్చిన 386 మంది పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల నికోటినమైడ్ ఏడాదిపాటు వాడినవారిలో కొత్త క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి. ఇది నయాసిన్‌కు దగ్గరి చుట్టమే. కానీ అది మందు మోతాదు, వైద్యుడు చెప్పి వాడవలసినది. మామూలు మనిషికి కావలసినది రోజుకు పదిహేను మిల్లీగ్రాములు. వంద గ్రాముల వేరుశనగ పప్పుల్లో అందులో పన్నెండు దాకా ఉంటుంది! అనంతపురం ఎర్రనేలలో పండే పప్పు ఆ నేల మీద ఎండలో పనిచేసేవారి చర్మానికి ఇంత పనికొస్తుందన్నది నాకు ఎంతో నచ్చిన సంగతి.

చర్మానికి పూసుకునేవాటితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తెల్లబడతామని ముఖానికి నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళ్ళేవారున్నారు. నిమ్మతొక్కలోనూ రసంలోనూ ఉండే ఫ్యురానోకూమరిన్లు ఎండతో కలిసి చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని నల్లమచ్చలు మిగులుస్తాయి. తెలుపు కోసం పోతే నలుపు వస్తుందన్నమాట. ఇదే గుణాన్ని మన పూర్వులు తెలివిగా వాడుకున్నారు. బొల్లికి ఆయుర్వేదంలో బావంచాలు ఇచ్చి ఎండ పట్టించేవారు. హార్వర్డు చికిత్సలో వాడిన సొరాలెన్ ఆ బావంచాలలో ఉన్న జాతి పదార్థమే. మోతాదు తెలిస్తే మందు, తెలియకపోతే బొబ్బ.

వేసవిలో మనం తాగే మజ్జిగ, అంబలి వడదెబ్బ నుంచి కాపాడే సాధనాలు. అవి ఒంటికి నీరూ ఉప్పూ ఇస్తాయి. చర్మం మీద పడే కిరణాలను అవి ఆపలేవు. ఇక పుట్టుకతోనే మెలనిన్ లేని అల్బినిజం ఉన్నవారికి ఏ తిండీ రంగును తెచ్చిపెట్టదు. వారిలో లోపించినది ముడిసరుకు కాదు, దాన్ని మెలనిన్‌గా మార్చే యంత్రాంగం. నిండు చేతుల చొక్కా, వెడల్పాటి టోపీ, బడిలో నీడనున్న బల్ల, ఇవే వారికి మందులు. మనమిచ్చేది వెక్కిరింపు పేర్లు.

అలాగని ఎండ శత్రువు కాదు. విటమిన్ డి కోసం అది కావాలి, నల్లని చర్మానికి మరికాస్త ఎక్కువసేపు కావాలి. ఇంత ఎండ కాసే తిరుపతి ప్రాంతంలోనే ఆరోగ్యవంతుల్లో డి విటమిన్ లోపమూ, తిండిలో కాల్షియం కొరతా విస్తారంగా ఉన్నాయని అక్కడి వైద్యులు 2007లో చూపించారు. ఒకరికి మితిమీరిన ఎండ, మరొకరికి చాలని ఎండ. ఎండ కూడా మన దేశంలో భూమిలాగే సమంగా పంచబడలేదు!

నల్లని చర్మం కందినప్పుడు ఎరుపు కనబడదు. చూసేవాడికి కనబడదు గనుక కందలేదనుకుంటాం. చేత్తో తాకితే వేడి తెలుస్తుంది, అడిగితే మంట తెలుస్తుంది, నాలుగు రోజులాగితే పొర లేవడం తెలుస్తుంది. ఫిట్జ్‌పాట్రిక్ చేసిన గొప్ప పని కొత్త యంత్రం కనిపెట్టడం కాదు, రోగిని అడగడం. మనం కూడా ఆ పని చేయవచ్చు. ఎండలో పనిచేయించుకునే ప్రతివారూ మధ్యాహ్నం రెండు గంటలు నీడనివ్వాలని, పెట్టే అన్నంలో పప్పో పల్లీలో ఉండాలని నేనంటే అది దానం అడగడం కాదు. చర్మం తనను తాను కుట్టుకోవడానికి సూదీ దారం అడగడం. తెలుపు క్రీముల మీద పెట్టే ఖర్చులో, మాట్లాడే మాటల్లో పదోవంతు ఈ కంచం మీద పెట్టినా ఎంతో ఒరుగుతుంది.

ఈసారి ఎవరినైనా చూసి "మాడిపోయాడు" అనబోయే ముందు ఒక్క క్షణం ఆగి, "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగి చూడండి. మీకు నాతో పేచీ ఉంటే అలాగే చెప్పండి, విని నేర్చుకుంటాను.